తుఫాను ముందు రోగిని ఎవరు కదిలించాలి?

అక్టోబరు, నవంబరు నెలలు వచ్చాయంటే మన తీరంలో అందరి ధ్యాస వాతావరణ వార్తల మీదే ఉంటుంది. బంగాళాఖాతంలో వాయుగుండం అన్న మాట వినగానే రైతు కోసిన పనల గురించి, మత్స్యకారుడు ఒడ్డున కట్టిన పడవ గురించి ఆలోచిస్తారు. ఆసుపత్రి వారము గనుక మాకు మొదట గుర్తుకు వచ్చేవి రెండు. జనరేటరుకు డీజిలు ఎంత ఉంది? వార్డులో తమంతట తాము నడవలేని వారు ఎందరు ఉన్నారు?

మొదటి ప్రశ్న సంగతి మేము చూసుకోగలము. రెండవది మా ఒక్కరి చేతిలో లేదు. ప్రభుత్వ ప్రణాళికలో ఆ ప్రశ్నకు చోటు లేకపోతే ఏమవుతుందో అమెరికాలోని లూసియానా రాష్ట్రం 2005లో చూసింది. ఇరవై ఏళ్ళు దాటినా ఆ సంగతిని మన వంటి ఆసుపత్రులు మరచిపోరాదని మా అభిప్రాయము.

హరికేన్ అంటే వేరే వింత కాదు, మన పెనుతుఫానే. అట్లాంటిక్ వైపు పుట్టినదానికి ఆ పేరు. అక్కడ మయామీలోని జాతీయ హరికేన్ కేంద్రం దారి చెబుతుంది. గవర్నరు రాష్ట్రంలో అత్యవసర పరిస్థితి ప్రకటిస్తారు. దానితో నేషనల్ గార్డ్ దళాలను, బస్సులను, నిధులను కదిలించే అధికారం వస్తుంది. గాలి తగలక ముందే కేంద్ర సహాయం కోసం రాష్ట్రపతి స్థానంలో ఉండే అధ్యక్షుణ్ణి కోరవచ్చు. పొరుగు రాష్ట్రాల నుండి మనుషులను, సామగ్రిని తెచ్చుకోవడానికి 1996 నుండి ఒక ఒప్పందం కూడా ఉంది. కాగితం మీద చూస్తే ఇంతకంటే చక్కని ఏర్పాటు ఉండదు.

2004 జూలైలో అధికారులు ‘పామ్’ అనే ఊహా హరికేన్ న్యూ ఆర్లీన్స్ నగరాన్ని ముంచినట్లు అనుకుని, రోజుల తరబడి కూర్చుని కసరత్తు కూడా చేశారు. సరిగ్గా పదమూడు నెలలకు అసలు తుఫాను వచ్చింది. దాని పేరు కత్రినా.

గవర్నరు కేథలీన్ బ్లాంకో 2005 ఆగస్టు 26, శుక్రవారం నాడు అత్యవసర పరిస్థితి ప్రకటించారు. మరునాడు అధ్యక్షుడూ ప్రకటించారు. హైవేల రెండు వైపులనూ నగరం నుండి బయటికి పోయే దారులుగా మార్చారు. కారు ఉన్న లక్షల మంది బయటపడ్డారు, ఆ పని నిజంగా బాగా జరిగింది. నగరాన్ని తప్పనిసరిగా ఖాళీ చేయాలన్న ఆజ్ఞ మాత్రం మేయరు రే నాగిన్ నుండి ఆదివారం ఉదయమే వచ్చింది. సోమవారం తెల్లవారేసరికి తుఫాను తీరం దాటింది. అంటే ఒక్క పగలు, ఒక్క రాత్రి.

ఆ ఆజ్ఞలో మినహాయింపులు ఉన్నాయి. ఆసుపత్రుల ముఖ్య సిబ్బంది, వారి రోగులు వెళ్ళనక్కర లేదు. జైలులోని ఖైదీలకూ, హోటళ్ళలో దిగినవారికీ అదే మినహాయింపు. రాసినవారికి దురుద్దేశం ఉందని మేము అనము. రోగులను ఒక్క రోజులో తరలించడం సాధ్యం కాదని వారికి తెలుసు గనుకనే అలా రాసి ఉంటారు. కాని ‘మీరు వెళ్ళనక్కర లేదు’ అని రాసిన తరువాత ‘అయితే మీ దగ్గరకు మేము ఎప్పుడు వస్తాము’ అన్నది కూడా ఎవరో రాసి ఉండవలసింది.

గాలి దెబ్బకు ఆసుపత్రులు నిలిచాయి. తరువాత కరకట్టలు తెగి నగరంలో దాదాపు 80 శాతం మునిగింది. అక్కడి మెమోరియల్ మెడికల్ సెంటరు మన పాఠకులకు దగ్గరి సంగతే. అది 1926లో సదరన్ బాప్టిస్టు ఆసుపత్రిగా మొదలైంది. చేతులు మారినా ఊరివారు దాన్ని ‘బాప్టిస్టు’ అనే పిలిచేవారు. తుఫాను నాడు ఆ భవనంలో సుమారు 2,000 మంది ఉన్నారు. అందులో రోగులు 200 పైచిలుకు. మిగిలినవారు సిబ్బంది, వారి కుటుంబాలు, తలదాచుకోవడానికి వచ్చినవారు. ఏడవ అంతస్తును మరొక సంస్థ అద్దెకు తీసుకుని దీర్ఘకాల రోగులను చూసేది. ఒకే కప్పు కింద రెండు యాజమాన్యాలు. మొత్తం భవనానికి పడవలు, హెలికాప్టర్లు పంపే బాధ్యత ఫలానా వారిదని ఎవరికీ తెలియదు.

31వ తేదీ తెల్లవారుజామున జనరేటర్లు ఆగిపోయాయి. వెంటిలేటర్లు ఆగాయి, లిఫ్టులు ఆగాయి. లోపల ఎండాకాలం మధ్యాహ్నం వంటి వేడి. నర్సులు అట్టముక్కలతో విసురుతూ, చేతి సంచితో ఊపిరి అందిస్తూ కూర్చున్నారు. రోగులను మెట్ల మీదుగా దించి, యంత్రాల గది గోడకు ఉన్న ఒక చిన్న కంత గుండా కార్లు నిలిపే భవనంలోకి జార్చి, అక్కడి నుండి పైకి, పాత హెలికాప్టరు వేదిక వరకు మోశారు. ఒక్కొక్క రోగికి ఎంత సమయం, ఎందరు మనుషులు పట్టి ఉంటారో స్ట్రెచర్ మోసినవారు ఎవరైనా ఊహించగలరు. తరువాత ఆ భవనంలో 45 మృతదేహాలు దొరికాయి. వారిలో చాలామంది ఏడవ అంతస్తువారు.

పక్కనే సెయింట్ బెర్నార్డ్ పారిష్‌లో (లూసియానాలో జిల్లాను పారిష్ అంటారు, చర్చి మాటే పాలనలోకి వచ్చింది) ఒక వృద్ధుల ఆశ్రమంలో నీళ్ళు చొరబడి 35 మంది మునిగిపోయారు. దాని యజమానుల మీద కేసు పెట్టారు. 2007లో జ్యూరీ వారిని నిర్దోషులని తేల్చింది. తప్పు ఒక్కరి మీద వేసి ముగించగలిగే సంగతి కాదని ఆ తీర్పు చెప్పినట్లయింది. లూసియానాలో కత్రినాకు చనిపోయినవారిలో దాదాపు సగం మంది 75 ఏళ్ళు, అంతకు పైబడినవారే.

అయితే ముందుగానే అందరినీ తరలిస్తే సరిపోతుంది గదా అని పాఠకులు అనవచ్చు. మేమూ అలాగే అనుకునేవారము. కత్రినా తరువాత నెల తిరగకుండానే ‘రీటా’ హరికేన్ టెక్సాస్ వైపు వచ్చింది. కత్రినా భయంతో ఇరవై లక్షలకు పైగా జనం ఒకేసారి రోడ్డు ఎక్కారు. కార్లు మైళ్ళ తరబడి నిలిచిపోయాయి, పెట్రోలు అయిపోయింది, ఎండ మండింది. సెప్టెంబరు 23న హ్యూస్టన్ దగ్గరి ఒక వృద్ధాశ్రమం నుండి వస్తున్న బస్సుకు డల్లాస్ సమీపంలో నిప్పు అంటుకుంది. గ్రీజు లేక వెనుక చక్రం బేరింగు కాలింది. లోపల ఆక్సిజన్ సిలిండర్లు ఉన్నాయి. తమంతట తాము దిగలేని 23 మంది అందులోనే చనిపోయారు. టెక్సాస్‌లో ఆ తరలింపులో పోయిన ప్రాణాలు తుఫాను తాకిడికి పోయినవాటికంటే ఎక్కువ.

కనుక ‘కదిలించాలా, ఉంచాలా’ అన్నది గుండె ధైర్యంతో అప్పటికప్పుడు తేల్చే ప్రశ్న కాదు. ఈ రోగిని ఉంచితే ఎంత ప్రమాదం, దారిలో ఎంత ప్రమాదం అని ఒక్కొక్కరి విషయంలో డాక్టరు చెప్పాలి. బస్సు, దారి, చేర్చుకునే ఆసుపత్రి ప్రభుత్వం చూపాలి. ఈ రెండూ కలిసేది తుఫాను ఇంకా సముద్రం మధ్యలో ఉన్నప్పుడే.

లూసియానా నేర్చుకుంది. సముద్రానికి అతి దగ్గరివారు 50 గంటల ముందు, వారి వెనుకవారు 40 గంటల ముందు, న్యూ ఆర్లీన్స్ వంటి చోట్లవారు 30 గంటల ముందు కదలాలన్న వరుస కత్రినా నాటికే ఉంది. 2008లో ‘గుస్తావ్’ వచ్చినప్పుడు కారు లేనివారి కోసం నగరంలో 17 చోట్ల బస్సులు ఎక్కించుకున్నాయి. దక్షిణ లూసియానా నుండి సుమారు 19 లక్షల మంది వెళ్ళారు. ఫ్లోరిడా నేర్చుకోవడానికి మరో విషాదం కావలసి వచ్చింది. 2017లో ‘ఇర్మా’ తరువాత ఒక వృద్ధాశ్రమంలో చల్లదనం యంత్రం ఆగి, వేడికి 12 మంది చనిపోయారు. రోడ్డుకు అవతలే కరెంటు ఉన్న పెద్ద ఆసుపత్రి ఉంది! 2018లో చట్టం చేసి, అటువంటి ఆశ్రమాలన్నీ నాలుగు రోజులు గది చల్లగా ఉంచగల జనరేటరు, ఇంధనం ఉంచుకోవాలన్నారు.

మాకు అన్నిటికంటే నచ్చినది చిన్న సంగతి. 2012లో ‘శాండీ’ రాకముందు న్యూయార్కు, న్యూజెర్సీ ప్రాంతంలో చాలామంది కిడ్నీ రోగులకు డయాలిసిస్ వంతు ఒక రోజు ముందుకు జరిపి చేసేశారు. అలా ముందుగా చేయించుకున్నవారిలో ఆసుపత్రి పాలైనవారు, చనిపోయినవారు తక్కువని తరువాత లెక్క చూసినవారు తేల్చారు. దీనికి హెలికాప్టరు అక్కరలేదు. పేర్ల పట్టిక, ఒక రాత్రి అదనపు డ్యూటీ చాలు.

ఇక మన సంగతి. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు అధికారిక లెక్కల్లోనే సుమారు 10,000 మంది పోయారు. ఆనాడు హెచ్చరిక ఊళ్ళకు చేరలేదు. నేడు వాతావరణ శాఖ 72 గంటల ముందే సూచన ఇస్తుంది, 48 గంటల ముందు అప్రమత్తత, 24 గంటల ముందు హెచ్చరిక జారీ చేస్తుంది. తీరమంతా తుఫాను షెల్టర్లు ఉన్నాయి. జనాన్ని తరలించడంలో మన యంత్రాంగం అమెరికాకు తీసిపోదు. ఆ మాట మేము మొహమాటానికి అనడం లేదు.

కాని నడవగలిగిన జనాన్ని. షెల్టరు మెట్లెక్కలేని పక్షవాతం రోగి, ఇంట్లో ఆక్సిజన్ మీద ఉన్న తాతగారు, వారానికి రెండుసార్లు డయాలిసిస్ కావలసిన మనిషి, నెలలు నిండిన గర్భిణి, వీరికి షెల్టరు చాలదు. వీరు ఎక్కడికి చేరాలి?

కొన్నేళ్ళ క్రితం ఒక తుఫానుకు ముందు మాకు పైనుండి ఒక కాగితం వచ్చింది. ఆసుపత్రులన్నీ అప్రమత్తంగా ఉండవలెనని, సిబ్బందికి సెలవులు రద్దు చేయవలెనని అందులో ఉంది. అన్నీ చేశాము. రాత్రి పదకొండు దాటాక పన్నెండు మైళ్ళ అవతలి ఊరి నుండి ఒక గర్భిణిని ట్రాక్టరు మీద తెచ్చారు. పడిన చెట్లను మూడు చోట్ల నరుక్కుంటూ వచ్చారు. మా సిస్టర్లు లాంతర్ల వెలుగులో చేయగలిగినంతా చేశారు. తల్లి దక్కింది, బిడ్డ దక్కలేదు. ఆ తల్లి పేరు, ప్రసవం కావలసిన తేదీ ఆ ఊరి ఆశా కార్యకర్త పుస్తకంలో నెలల ముందే రాసి ఉన్నాయి. సూచన వచ్చిన ఆ మూడు రోజులలో ఆ పుస్తకం తెరవమని ఎవరూ అడగలేదు. మేమూ అడగలేదు.

పక్కనున్న ఒడిశా ఈ పని చేసి చూపించింది. 2024 అక్టోబరులో ‘దానా’ తుఫాను తాకక ముందే నాలుగు వేలకు పైగా గర్భిణులను ఆసుపత్రులకు, ఆరోగ్య కేంద్రాలకు చేర్చింది. ఆ రోజులలో వందలాది కాన్పులు డాక్టర్ల చేతుల మీద జరిగాయి. మన రాష్ట్రంలోనూ తీర మండలాల్లో గర్భిణులను ముందుగా తరలించిన సందర్భాలు ఉన్నాయి, సంతోషమే. అది ఒక కలెక్టరుగారి చొరవగా మిగలకూడదని, వారు బదిలీ అయినా ఆగని ఏర్పాటు కావాలని మేము కోరుతున్నాము. 72 గంటల సూచన రాగానే మండలంలో ఒక్క అధికారి ఈ పట్టికకు బాధ్యుడు కావాలి. ఆయన ఫోను నంబరు ప్రభుత్వ ఆసుపత్రికీ, మావంటి ఆసుపత్రికీ, ప్రైవేటు నర్సింగ్ హోముకీ ఒకటే ఉండాలి. ఏ రోగి ఏ ఊరి ఆసుపత్రికి పోవాలో ముందే రాసి ఉండాలి. రోగిని చేర్చుకునే ఆసుపత్రి బిల్లు ఎవరు చెల్లిస్తారన్నది కూడా. ఆ చివరి మాట రాయకపోతే మిగిలినవన్నీ గేటు దగ్గరే ఆగిపోతాయని అనుభవంతో చెబుతున్నాము.

మా లోపం కూడా చెప్పుకోవాలి. మా జనరేటరు చాలా ఏళ్ళు వెనుక పెరటిలో నేల మీదే ఉండేది. న్యూ ఆర్లీన్స్‌లో ఛారిటీ ఆసుపత్రి జనరేటర్లు నేలమాళిగలో ఉండి మునిగాయని చదివాక గాని మాకు ఆ సంగతి తట్టలేదు. ఇప్పుడు దాన్ని నాలుగడుగుల సిమెంటు దిమ్మె మీదికి ఎక్కించాము.

ఈ సంచిక మధ్యలో ఒక కాగితం జతచేశాము. మీ ఇంట్లో గాని, మీ వీధిలో గాని తమంతట తాము కదలలేనివారు, డయాలిసిస్ వారు, ఆక్సిజన్ వారు, ఆరు నెలలు దాటిన గర్భిణులు ఉంటే పేరు, ఊరు, దగ్గరి బంధువు ఫోను నంబరు రాసి మా ఓ.పి. దగ్గర సిస్టరుకు ఇవ్వండి. పట్టిక సిద్ధం కాగానే ఒక ప్రతి మండల కార్యాలయంలో ఇచ్చి, అందినట్లు సంతకం తీసుకుంటాము.