స్క్రబ్బర్ కాడ నిలబెట్టారు, చదువెవరు చెప్పారు?

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, గడ్డపోతారం, ఖాజీపల్లి, జిన్నారం అన్నలారా! అక్కలారా! రాత్రి సీ షిఫ్టు దిగి నిద్రకళ్లతో వస్తున్న తమ్ముళ్లారా!

రాత్రి పదకొండు దాటితే మన వాడల్లో కిటికీలు ఎందుకు మూస్తున్నాం? దొంగల భయమా? దోమల భయమా? వాసన! కుళ్లిన కోడిగుడ్డు వాసన ఒకరోజు. గోళ్ల రంగు వాసన ఒకరోజు. పేరే తెలియని ఘాటు ఇంకోరోజు. మే నెలలో కరెంటు పోయిన రాత్రి కూడా తలుపులు బిగించుకుని చెమటలో నానుతున్నాం. తెల్లారితే పిల్లకు దగ్గు, ముసలాయనకు ఆయాసం. ఆటో కట్టించుకుని ఆర్‌ఎంపీ కాడికి, అక్కడ నెబ్యులైజర్. అప్పటికి ఆ రోజు కూలి పోయినట్టే! "ఇల్లు మారొచ్చుగా" అంటారు సిటీలో ఉన్న చుట్టాలు. ఎక్కడికి మారాలి? పని ఇక్కడే. మనకు అందే కిరాయీ ఇక్కడే.

ఇదంతా మన అనుమానం అంటారా? 2009లోనే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి మన కాలుష్యాన్ని లెక్కగట్టింది. పటాన్‌చెరు–బొల్లారానికి నూటికి 70.07 వేసింది. ఎక్కువొస్తే స్వీట్లు పంచుకునే మార్కులు కావవి. 70 దాటితే అత్యంత తీవ్రంగా కలుషితమైన ప్రాంతమని ముద్ర! 2019లో కేంద్రం శుభ్రమైన గాలి కోసం జాతీయ కార్యక్రమం మొదలుపెట్టి ముందుగా 102 ఊళ్లను ఎంచింది. హైదరాబాద్, నల్లగొండల పక్కన మన పటాన్‌చెరు పేరూ ఎక్కింది. ఎంత ఘనత!

ఇప్పుడు సూటిగా మాట్లాడుకుందాం. పొగను పట్టే యంత్రాలు మన కంపెనీల్లో లేవా? ఉన్నాయి! స్క్రబ్బర్ ఉంది, బ్యాగ్ ఫిల్టర్ ఉంది, బాయిలర్‌కు సైక్లోన్ ఉంది. లక్షలు పోసి కొన్నారు. రాష్ట్ర కాలుష్య నియంత్రణ బోర్డు సార్లు వచ్చినప్పుడు తుడిచి చూపిస్తారు. మరి నడిపేదెవరు? నిన్నటిదాకా డ్రమ్ములు మోసిన హెల్పర్! కాంట్రాక్టర్ పంపిన కుర్రాడు! "ఈ పంపు ఆన్ చెయ్, గంటగంటకూ ఈ కాగితం మీద నంబరు రాయి." అయిపోయింది ట్రైనింగ్! ఏ నంబరు రాయాలి? పై వరసలో ఏముంటే అదే! అందుకే లాగ్‌బుక్కుల్లో పీహెచ్ వారాల తరబడి కదలదు. పీహెచ్ అంటే ఏంటో ఆ రాసేవాడికి ఎవరూ చెప్పలేదు. తప్పు వాడిదా?

వినండి. పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. స్క్రబ్బర్‌లో పైనుంచి కాస్టిక్ నీళ్లు పడుతుంటాయి. కింది నుంచి యాసిడ్ ఆవిరి లేస్తుంది. కాస్టిక్ ఆ యాసిడ్‌ను పట్టుకుంటుంది. పట్టుకున్నకొద్దీ కాస్టిక్ ఖర్చయిపోతుంది. అయిపోతోందని చెప్పేదే ఆ పీహెచ్ నంబరు! అది కిందికి జారిందా, మోటర్ మోగుతున్నా, నీళ్లు తిరుగుతున్నా, యాసిడ్ నేరుగా మన ఇళ్ల మీదికే! లోపల నాజిల్ మూసుకుపోయినా అంతే. బయట నిలబడ్డ ఇన్‌స్పెక్టర్‌కు మాత్రం పంపు నడుస్తూ కనిపిస్తుంది. "ఓకే" అని రాసుకుని పోతాడు.

ఇంకోటి. టోలుయిన్ లాంటి సాల్వెంట్ ఆవిరి నీళ్లలో దాదాపు కరగదు. ఎంత పెద్ద నీళ్ల స్క్రబ్బర్ పెట్టినా దాటేసి పోతుంది. దానికి చల్లటి బ్రైన్ తిరిగే కండెన్సర్ కావాలి, ఆ వెనక కార్బన్ బెడ్ కావాలి. ఆ కార్బన్ కూడా కొంతవరకే పీలుస్తుంది. నిండిపోయాక మార్చకపోతే, వచ్చింది వచ్చినట్టే వదిలేస్తుంది. మీ ప్లాంట్లో కార్బన్ ఎప్పుడు మార్చారో ఎవరికన్నా గుర్తుందా? అడిగి చూడండి. నవ్వుతారు!

బ్యాగ్ ఫిల్టర్‌కు ఒక మ్యానోమీటర్ ఉంటుంది. బ్యాగులకు ఇటూ అటూ ప్రెషర్ తేడా ఎంతో చూపిస్తుంది. తేడా పెరుగుతూ పోతే బ్యాగులు మూసుకుపోతున్నాయి. ఒక్కసారిగా పడిపోతే ఎక్కడో బ్యాగు చిరిగింది. ఇంత చిన్న ముచ్చట! చెప్పడానికి ఎంతసేపు? చెప్పరు. మీటరు గొట్టం ఊడిపోయి వేలాడుతున్నా పట్టించుకునే నాథుడు లేడు.

బాయిలర్ సైక్లోనేమో లావు బూడిదను పడగొడుతుంది, సన్నటిదాన్ని ఆపలేదు. ఆ సన్నటిదే పీఎం 2.5. అదే ఊపిరితిత్తుల అడుక్కి పోయేది. ఏడాది సగటున ఘనపు మీటరు గాలిలో అది 40 మైక్రోగ్రాములు దాటొద్దని మన దేశపు 2009 ప్రమాణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది 5! మన ఊపిరితిత్తులేమన్నా ఎనిమిది రెట్లు గట్టివా?

దుమ్ముతో వచ్చేది దగ్గొక్కటే అనుకోకండి. మండే స్వభావమున్న సన్నటి పొడి గాల్లో తేలుతుంటే ఒక్క నిప్పురవ్వ చాలు. 2025 జూన్ 30న పాశమైలారం ఫ్యాక్టరీ పేలుడులో నలభై మందికి పైగా కార్మికులు పోయారు. ఒడిశా, బీహార్ నుంచి బతకడానికొచ్చిన బిడ్డలు కూడా అందులో ఉన్నారు. కారణాలేంటో, నేరం ఎవరిదో విచారణ తేల్చాలి. తేల్చేదాకా మనం అడుగుతూనే ఉండాలి. కానీ ఈ ప్రశ్న ఎవరి తీర్పు కోసమూ ఆగదు: పొడి మధ్య, ఆవిరి మధ్య పనిచేసేవాడికి ఆ పొడి సంగతి, ఆ ఆవిరి సంగతి తెలియాలా వద్దా?

భోపాల్ గుర్తుందా? 1984 డిసెంబర్ 2 రాత్రి. మిథైల్ ఐసోసైనేట్ (మిక్) గ్యాస్ బయటికి రాకుండా ఆపాల్సిన స్క్రబ్బర్ అక్కడా ఉంది. ఆ రాత్రి అది పనికి రాలేదు. గ్యాస్‌ను కాల్చెయ్యాల్సిన ఫ్లేర్ టవర్ ఉంది. పైపు ముక్క ఊడదీసి రిపేర్‌లో పెట్టారు. ట్యాంకును చల్లగా ఉంచే యంత్రం ఉంది. నెలల ముందే ఆపేశారు! ఖర్చు తగ్గించుకోవాలని మనుషుల్ని తగ్గించారు, ట్రైనింగ్ తగ్గించారు. మాన్యువళ్లు ఇంగ్లీషులో, పనిచేసేవాళ్లు హిందీలో! వేల మంది పోయారు. యంత్రం కొనేసి, నడిపే చదువు ఇవ్వకపోవడం అంటే తాళం వేసి తాళంచెవి తలుపుకే వదిలిపోవడం.

ఆ చావుల తర్వాతే 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించారు. 111-ఏ అని కొత్త సెక్షన్ పెట్టారు. ఆరోగ్యం, భద్రత గురించి యాజమాన్యాన్ని సమాచారం అడిగే హక్కు కార్మికుడిదని రాశారు. ఫ్యాక్టరీలోనే శిక్షణ ఇప్పించమని, లేదంటే యజమాని ఖర్చుతో శిక్షణ కేంద్రానికి పంపమని అడిగే హక్కు కూడా! మనలో ఎంతమందికి తెలుసు? ఒక్కసారన్నా ఎవరన్నా చెప్పారా? ఇప్పుడు పాత చట్టాల స్థానంలో కొత్త లేబర్ కోడ్‌లు తెచ్చారు. పేర్లు ఏమన్నా మార్చుకోండి. భోపాల్ వాళ్ల ప్రాణాలతో వచ్చిన హక్కును మేం వదిలిపెట్టం!

"శిక్షణ కావాలంటే గచ్చిబౌలిలో ఈపీటీఆర్‌ఐ ఉంది, పోండి" అంటారు. ఉంది. పర్యావరణ శిక్షణ కోసమే 1992 నుంచి ఉంది. మంచి సంస్థే. ఇక్కడి నుంచి గచ్చిబౌలి ఎంత దూరం? బస్సెక్కితే దిగొచ్చు! కానీ లీవు ఎవడిస్తాడు? పన్నెండు గంటల డ్యూటీ చేసేవాడు, ఒక్కరోజు రాకపోతే రెండు రోజుల కూలి కోసే కాంట్రాక్టర్ కింద బతికేవాడు, వారం రోజులు క్లాసులో ఎట్లా కూర్చుంటాడు?

అందుకే అంటున్నాం: చదువే మన కాడికి రావాలి! దూరవిద్య కావాలి!

కొత్తగా కనిపెట్టాల్సిందేం లేదు. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం ఎక్కడ పెట్టారు? మన దగ్గరే! 1982లో! ఇప్పటి అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీ అదే. పొద్దంతా పనిచేసుకునేవాళ్ల కోసమే పుట్టింది. ఎందరో కండక్టర్లు, ఎందరో బీడీ కార్మికుల బిడ్డలు అట్లానే డిగ్రీలు చేశారు. అదే ఆదివారం క్లాసులతో, అదే తెలుగు పుస్తకాలతో స్క్రబ్బర్ ఆపరేటర్ కోర్సు ఎందుకు పెట్టకూడదు? అమెరికా ప్రభుత్వ పర్యావరణ సంస్థ ఏళ్ల తరబడి ఇలాంటి పనే చేసింది. దుమ్మును పట్టే యంత్రాల మీద, గ్యాసులను పట్టే యంత్రాల మీద ఎవరికి వారు చదువుకునే కోర్సులు తయారుచేసి పెట్టింది. మన ఐఐటీల వాళ్లు కూడా ఎన్‌పీటీఈఎల్ అనే ఆన్‌లైన్ పాఠాల వేదికలో వాయు కాలుష్యం మీద పాఠాలు పెట్టారు. ఫోన్‌లో చూడొచ్చు. కానీ ఆ పాఠాలు ఇంజినీరింగ్ పిల్లల కోసం. ఇంగ్లీషులో. లెక్కలతో. పదో తరగతి దాకా చదివి బ్లోయర్ కాడ నిలబడ్డోడికి అవేం అక్కరకొస్తాయి?

మనకు కావాల్సిన చదువు వేరే. తెలుగులో ఉండాలి. వలసొచ్చిన మన తోటివాళ్ల కోసం హిందీ, ఒడియాలో కూడా ఉండాలి. ఫోన్‌లో పది నిమిషాల పాఠాలు కావాలి. చేతికి నూనె అంటినా చిరగని బొమ్మల పుస్తకం కావాలి. ఇంకో ముఖ్యమైన మాట: ఫోన్ చూసి ఎవడూ ఆపరేటర్ కాడు! పాఠం ఫోన్‌లో, పని ప్లాంట్లో. నెలకో ఆదివారం, తెలిసిన మనిషి పక్కన నిలబడి, చిరిగిన బ్యాగు చూపించి, మ్యానోమీటర్ చదివించి నేర్పాలి. అది లేకపోతే ఆ సర్టిఫికెట్ గోడకు తగిలించుకోవడానికే పనికొస్తుంది.

చదువుకునే గంటలు డ్యూటీ గంటలుగానే లెక్కపెట్టాలి. ఫీజు యాజమాన్యం కట్టాలి. కాంట్రాక్టర్ మారినా సర్టిఫికెట్ చెల్లాలి, దానికి తగ్గట్టు జీతం పెరగాలి. శిక్షణ పొందిన మనిషి ప్రతి షిఫ్టులో, ముఖ్యంగా సీ షిఫ్టులో, ఉండి తీరాలని బోర్డు తన అనుమతి పత్రంలోనే షరతు పెట్టాలి. 1981 వాయు చట్టం కింద అనుమతి ఇచ్చేదీ బోర్డే, షరతులు రాసేదీ బోర్డే కదా! అంబేడ్కర్ యూనివర్సిటీ, ఈపీటీఆర్‌ఐ, బోర్డు ఒక్కచోట కూర్చుంటే ఏడాదిలో కోర్సు తయారుకాదా? కూర్చోబెట్టాల్సింది ప్రభుత్వం.

ఇక్కడ ఒక మోసం కాచుకుని ఉంది. జాగ్రత్త! రేపు మన చేతిలో సర్టిఫికెట్ పెట్టి, నేరం మన నెత్తిన పెడతారు. "ట్రైనింగ్ ఇచ్చాం, ఆపరేటర్ నిర్లక్ష్యం" అంటారు. కాస్టిక్ కొనకుండా ఆపరేటర్ ఏం చేస్తాడు? బ్యాగులు మార్చడానికి ఇండెంట్ పెడితే మూలకు పడేసే మేనేజర్ కింద చదువు ఏం చేస్తుంది? అందుకే ఇంకో హక్కు కావాలి: స్క్రబ్బర్ పనిచేయకపోతే రియాక్టర్ ఆపమని చెప్పే హక్కు ఆపరేటర్‌కు ఉండాలి. చెప్పినందుకు పని పోకూడదు! ఇది లేని కోర్సును మేం ఒప్పుకోం.

బోర్డు సంగతి కూడా చెప్పుకోవాలి. దేశంలోని కాలుష్య నియంత్రణ మండళ్లలో దాదాపు సగం పోస్టులు ఖాళీగా ఉన్నాయని జాతీయ హరిత ట్రిబ్యునల్ ముందుకే లెక్క వచ్చింది. ఉన్న కొద్దిమంది రాత్రి రెండింటికి మన వాడకు వస్తారా? రారు. ఆ సమయంలో చిమ్నీ కింద నిలబడి ఉండేది మన తమ్ముడే. వాడికి విద్య వస్తే, ఆ రాత్రి వాడే మన ఇన్‌స్పెక్టర్!

కాబట్టి ఊకుండొద్దు. మీ కంపెనీ అనుమతి పత్రం కాపీ కోసం బోర్డులో ఆర్టీఐ పెట్టండి. పది రూపాయల ఫీజు, ముప్పై రోజుల్లో జవాబు. గాలి యంత్రాలు ఎవరు నడుపుతున్నారో, వాళ్లకు ఏ శిక్షణ ఇచ్చారో అందులోనే అడగండి. ఊళ్లో కొత్త ప్లాంటు కోసం ప్రజాభిప్రాయ సేకరణ పెడితే పనులు మానుకునైనా పోండి. 2006 పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం ప్రాజెక్టు నివేదిక సారాంశం తెలుగులో ఇవ్వాలి. కాగితం తెలుగులో ఇవ్వగలిగినవాళ్లు పాఠం తెలుగులో ఇవ్వలేరా? అని కలెక్టర్ ముందే మైకులో అడగండి. పారిశ్రామిక ఎస్టేట్ లోపల పెట్టే కొన్ని ప్లాంట్లకు ఆ సభ కూడా ఉండదు. అప్పుడు గ్రామసభ ఉన్నచోట తీర్మానం చేయండి, మున్సిపల్ వార్డులో కౌన్సిలర్‌ను నిలదీయండి. యూనియన్ ఉన్నచోట డిమాండ్ల పత్రంలో మొదటి వరసలో ఇదే రాయండి. అక్కలారా, మహిళా సంఘం మీటింగులో పొదుపు లెక్కల తర్వాత పిల్లల దగ్గు గురించి కూడా మాట్లాడండి. ఇన్‌హేలర్‌కు నెలకు ఎంత పోతోందో లెక్క రాసి తీసుకురండి. ఆ లెక్కే మన అర్జీకి మొదటి పేజీ!

స్క్రబ్బర్ కాడ, బాయిలర్ కాడ పనిచేసే తమ్ముళ్లారా! ఈ చదువు కావాలని మీ పేరు రాసివ్వండి. భయమైతే పేరు వద్దు, పని పేరు, షిఫ్టు రాసినా చాలు. ఎంతమంది అడుగుతున్నారో యూనివర్సిటీకి, బోర్డుకు చూపిద్దాం. సంతకాల కాగితం ఇస్నాపూర్ చౌరస్తాలో, లేబర్ అడ్డాల కాడ, కంపెనీ గేట్ల బయటి చాయ్ బండ్ల మీద ఉంటుంది. చదవడం రానోళ్లకు చదివి వినిపించండి. హిందీ వాళ్లకు అర్థం చెప్పండి. ఈ కరపత్రం చింపకండి, మడిచి జేబులో పెట్టుకోకండి, పక్కోళ్లకు ఇవ్వండి!

ఇట్లు,
పటాన్‌చెరు–పాశమైలారం–బొల్లారం కార్మికులు, ఊరి జనం