కుడి గుండె చెప్పే జోస్యం: సోలాపూర్ నేతవాడల్లో ఆయాసం

సరిహద్దు పల్లెల్లో సోలాపూర్ పేరు వినని ఇల్లు అరుదు. తరతరాలుగా తెలంగాణ పద్మశాలీలు వలస వెళ్లి స్థిరపడిన ఆ నగరంలో, చద్దర్లు, టవళ్లు నేసే మరమగ్గాల చప్పుడు మధ్యనే ఎన్నో కాపురాలు సాగుతున్నాయి. కండెలు చుట్టేదీ, బీడీలు చుట్టేదీ ఎక్కువగా స్త్రీలే. ఆ వాడల్లో ఎవరికైనా ఆయాసం వస్తే కారణం ముందే సిద్ధంగా ఉంటుంది: నూలు దుమ్ము, పొగాకు ధూళి, లేదా రక్తహీనత. చాలాసార్లు అది నిజమే. కాని నిజం కానప్పుడు జారిపోయేది విలువైన కాలం.

అలా మరుగున పడే జబ్బుల్లో ఒకటి పుపుస ధమనీ అధిక రక్తపోటు. చేతికి పట్టీ చుట్టి చూసే బీపీ ఇది కాదు. ఊపిరితిత్తుల్లోని సన్నని ధమనుల గోడలు మందమై రక్తం వెళ్లే దారి ఇరుకవుతుంది. అరుదైన వ్యాధే అయినా పురుషులకంటే స్త్రీలలో ఎక్కువ. పుట్టుకతో వచ్చిన గుండె రంధ్రం, చర్మం గట్టిపడే స్క్లెరోడెర్మా వంటివి కారణం కావచ్చు. కొందరిలో ఏ కారణమూ దొరకదు.

రోగి భవిష్యత్తును నిర్ణయించేది ఒత్తిడి అంకె ఒక్కటే కాదు, ఆ ఒత్తిడిని కుడి జఠరిక ఎంతవరకు తట్టుకుంటోందన్నదే ముఖ్యం. కుడి జఠరిక గోడ ఎడమదానికంటే పలుచన. భారం పెరిగినకొద్దీ అది మొదట మందమవుతుంది, తరువాత సాగి ఉబ్బుతుంది, చివరకు అలసిపోతుంది. అలసిన గుండె గట్టిగా నెట్టలేదు గనుక ఒత్తిడి అంకె తగ్గవచ్చు కూడా. దానిని చూసి మేలైందని సంబరపడటం ప్రమాదకరం. కాళ్లవాపు, పొట్ట ఉబ్బడం, నడుస్తూ స్పృహ తప్పడం ఆ అలసటకు గుర్తులు.

అంచనా మొదలయ్యేది యంత్రంతో కాదు, మాటతో. ఇంట్లో వివరంగా చెప్పుకునే ఆయాసం డాక్టరు ఎదుట మరాఠీలో ‘దమ్ లాగ్తో’ అన్న రెండు మాటలతో ముగిసిపోతుంది. ఎన్ని మెట్లకు వస్తోంది, ఆరు నెలల క్రితం ఎలా ఉండేది, ఎప్పుడైనా కళ్లు తిరిగాయా అన్నవి చెప్పి తీరాలి. ఆ తరువాత 6 నిమిషాల నడక పరీక్ష. 440 మీటర్లు దాటితే ముప్పు తక్కువ. 165 మీటర్లకు లోపైతే తీవ్రం. రక్తంలో ఎన్‌టీ-ప్రో బీఎన్‌పీ 300 లోపు ఉండటం మంచిది, 1,100 దాటితే హెచ్చరిక. ఎకోలో కుడి జఠరిక కదలికను కొలిచే ట్యాప్సీ 17 మిల్లీమీటర్లకు తగ్గితే బలహీనతకు సూచన.

అయినా నిర్ధారణకు కుడి గుండెలోకి సన్నని గొట్టం పంపే క్యాథెటర్ పరీక్ష అవసరం. 1929లో జర్మనీ వైద్యుడు ఫోర్స్‌మన్ తన మీదనే ప్రయోగించుకున్న పద్ధతి ఇది. 1956లో ఆయనకు మరో ఇద్దరితో కలిపి నోబెల్ దక్కింది. 2022 ఐరోపా మార్గదర్శకాలు పుపుస ధమని సగటు ఒత్తిడి హద్దును 25 నుంచి 20 మిల్లీమీటర్లకు దించాయి. దుమ్ముతో ఊపిరితిత్తులు చెడినా, కీళ్లవాత జ్వరం వల్ల ఎడమ కవాటం పాడైనా ఈ ఒత్తిడి పెరుగుతుంది. వాటికి వైద్యం వేరు. ఒకరి మందు మరొకరికి హాని చేయవచ్చు గనుక పొరుగింటివారి మాత్రలు తెచ్చి మింగడం తగదు.

1980లలో అమెరికా జాతీయ నమోదులో చేరిన రోగుల్లో సగం మంది 2.8 ఏళ్లకు మించి జీవించలేదు. నేడు సిల్డెనాఫిల్, టడలాఫిల్, బోసెంటాన్ వంటి మందులున్నాయి; 2024లో అమెరికా సొటాటర్సెప్ట్‌కు అనుమతినిచ్చింది. అన్ని కొలతలూ అనుకూలంగా ఉన్నవారిలో ఏడాదిలో మరణ ముప్పు 5 శాతం లోపే. ప్రతికూలంగా ఉన్నవారిలో 20 శాతం పైన. అందుకే 3 నుంచి 6 నెలలకొకసారి మళ్లీ కొలిపించుకోవాలి. గర్భధారణ ఈ వ్యాధిలో ప్రాణాంతకం కాగలదన్న సంగతి కొత్త కోడళ్లున్న ఇళ్లలో దాచకూడనిది.

చిక్కంతా ఇక్కడే ఉంది. మహారాష్ట్ర ఫులే జన ఆరోగ్య యోజన అయినా, తెలంగాణ ఆరోగ్యశ్రీ అయినా ప్రధానంగా ఆస్పత్రిలో చేరిక చుట్టూ అల్లినవి. నిత్యం వేసుకోవలసిన మాత్రలు, తిరుగు ప్రయాణాలు, ఆనాటి కూలి నష్టం కుటుంబం మీదనే పడతాయి. పనిని బట్టి కూలి దొరికే ఇంట్లో ఆయాసపడే తల్లి చివరిదాకా కండెల వద్దే కూర్చుంటుంది. సోలాపూర్‌లో ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. దుమ్ముకు మందు వాడినా నెలల తరబడి తగ్గని ఆయాసానికి ఒక ఎకో తీయించమని అక్కడైనా, మరోచోటనైనా అడగడం రోగి హక్కు. పల్లెలోని బంధువులు ఫోనులో క్షేమం అడిగేటప్పుడు ‘మెట్లెక్కగలుగుతున్నావా అక్కా’ అని కూడా అడిగితే, ఆ జవాబే కుడి గుండె గురించి అందే తొలి కబురు.