విదేశీ హస్తం - స్వదేశీ లెక్కలు

ఎన్నికల కాలం వచ్చినదంటే మన దేశంలో ఒక పాత ఆరోపణ కొత్త వేషం కట్టుకొని బజారున పడుతుంది. ఎదుటి పక్షం విదేశీయులతో కుమ్మక్కయినదని, పరాయి దేశపు సొమ్ముతో ఇక్కడి ఓట్లను కొనజూస్తున్నదని ప్రతి పక్షమూ ప్రత్యర్థిపై వేలెత్తి చూపుతుంది. ఖరగ్‌పూర్ గోల్‌బజారులోని టీ కొట్ల వద్ద, వర్క్‌షాపు ద్వారాల వద్ద, తపాలా కార్యాలయపు సార్టింగ్ బల్లల చుట్టూ ఈ మాట చేతులు మారుతూ పోతుంది. చివరకు ఒకే గ్యాంగులో పనిచేసే ఇద్దరు సోదరులు ఒకరినొకరు దేశద్రోహి అనుకొనే స్థితి ఏర్పడుతుంది. ఈ విషయంలో కార్మిక వర్గం అనుసరించవలసిన వైఖరిని గురించి స్పష్టంగా చెప్పడం మా కర్తవ్యమని భావిస్తున్నాము.

2025 ఫిబ్రవరిలో జరిగిన ఉదంతం ఇందుకు తగిన నిదర్శనం. భారతదేశంలో ఓటింగు శాతాన్ని పెంచడానికి ఉద్దేశించిన 2 కోట్ల 10 లక్షల డాలర్ల సహాయాన్ని రద్దు చేశామని అమెరికా ప్రభుత్వపు పొదుపు విభాగం ప్రకటించినది. ఆ సొమ్ముతో భారతదేశంలో మరెవరినో గెలిపించజూశారని అధ్యక్షుడు ట్రంప్ అన్నారు. తరువాత కొద్ది రోజులకే అదే సొమ్ము తన మిత్రుడు ప్రధాని మోదీకి వెళుతున్నదని కూడా అన్నారు. ఆయన మొదటి మాటను ఒక పక్షం పట్టుకున్నది. రెండవ మాటను మరొక పక్షం పట్టుకున్నది. భారతీయ జనతా పార్టీ ప్రతినిధులు కాంగ్రెసు వైపు వేలు చూపారు. అమెరికా సహాయ సంస్థ దశాబ్దాలుగా ఇచ్చిన నిధులన్నింటిపై శ్వేతపత్రం ప్రకటించాలని కాంగ్రెసు నాయకులు కోరారు. ఆ మొత్తం అసలు మన దేశానికి కాదు, బంగ్లాదేశ్‌కు ఉద్దేశించినదని 'ఇండియన్ ఎక్స్‌ప్రెస్' పత్రిక రాసినది.

చివరకు తేలినదేమి? ఓటింగు శాతం పెంపు కోసం అటువంటి 2 కోట్ల 10 లక్షల డాలర్ల నిధి భారతదేశానికి సంబంధించి 2014 - 2024 ఆర్థిక సంవత్సరాల మధ్య రానూ లేదు, ఇవ్వనూ లేదని అమెరికా దౌత్య కార్యాలయం తెలియజేసినట్లు 2025 ఆగస్టులో మన విదేశాంగ శాఖ రాజ్యసభకు లిఖితపూర్వకంగా సమాధానమిచ్చినది. ఆరోపణ దేశమంతా తిరగడానికి ఒక్క పూట పట్టినది. సమాధానం రాజ్యసభకు చేరడానికి ఆరు నెలలు పట్టినది. ఆ ఆరు నెలలలో ఎన్ని స్నేహాలు చెడినవో, ఎంతమంది మనసులు విరిగినవో ఏ శాఖ లెక్కలలోనూ ఉండదు.

అయితే ఈ ఒక్క ఉదంతాన్ని పట్టుకొని విదేశీ ధనమన్నదే కల్పన అని కొట్టివేయడం కూడా పొరపాటే. చరిత్ర అలా చెప్పడం లేదు. 1967 సార్వత్రిక ఎన్నికలలో విదేశీ ధనం ప్రవహించినదన్న ఆరోపణలపై గూఢచారి శాఖ విచారణ జరిపినది. ఆ నివేదికను బయటపెట్టాలని పార్లమెంటు సభ్యులు పట్టుబట్టినా, హోం మంత్రి వై.బి. చవాన్ ప్రచురణకు అంగీకరించలేదు.

పశ్చిమ బెంగాల్‌లో ఓటు హక్కు కలిగిన మన తెలుగు కార్మికులు ప్రత్యేకంగా గమనించవలసిన సంగతి మరొకటి ఉన్నది. భారతదేశంలో అమెరికా రాయబారిగా పనిచేసిన డేనియల్ పాట్రిక్ మొయినిహాన్ 1978లో వెలువరించిన తన గ్రంథంలో, తమ ప్రభుత్వం రెండు పర్యాయాలు భారత రాజకీయాలలో ఒక పార్టీకి డబ్బు ఇచ్చినదని రాశారు. ఒకటి కేరళలో, రెండవది పశ్చిమ బెంగాల్‌లో. రెండు చోట్లా కమ్యూనిస్టుల గెలుపును అడ్డుకోవడమే ఉద్దేశమని, రెండు పర్యాయాలూ సొమ్ము కాంగ్రెసుకే చేరినదని, ఒకసారి శ్రీమతి ఇందిరాగాంధీకే అందినదని ఆయన కథనం. శ్రీమతి గాంధీ దానిని ఖండించారు. 2005లో వెలువడిన మిత్రోఖిన్ పత్రాల రెండవ సంపుటం సోవియట్ గూఢచారి సంస్థ సొమ్ము కాంగ్రెసుకు, భారత కమ్యూనిస్టు పార్టీకి ముట్టినదని ఆరోపించినది. ఆ రెండు పార్టీలూ కాదన్నాయి. ఇటు వాషింగ్టన్, అటు మాస్కో, రెండు వైపుల నుంచీ ఆరోపణలు ఉన్నాయి. ఏ ఒక్క దానిపైనా ప్రజల ముందు సంపూర్ణమైన బహిరంగ విచారణ మాత్రం జరగలేదు.

మరి చట్టం ఏమి చేసినది? ఇక్కడే కార్మిక సోదరులు శ్రద్ధగా చదవవలసిన భాగం ఉన్నది.

అత్యవసర పరిస్థితి కాలంలో, 1976లో, విదేశీ విరాళాల నియంత్రణ చట్టం వచ్చినది. విదేశీ విరాళం స్వీకరించరాదని ఆ చట్టం కొందరిని పేర్కొన్నది: ఎన్నికల అభ్యర్థులు, శాసనసభల, పార్లమెంటు సభ్యులు, రాజకీయ పార్టీలు, పత్రికా సంపాదకులు, వారితో పాటు ప్రభుత్వోద్యోగులు. అంటే పట్టాల మీద సుత్తి పట్టుకొని నడిచే గ్యాంగ్‌మన్, ఉత్తరాల సంచీ మోసే పోస్ట్‌మన్, దేశాన్ని పరిపాలించే పార్టీ, అందరూ ఆ చట్టం ముందు ఒకే వరుసలో నిలబడ్డారు. కనీసం కాగితం మీద.

2014 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు ఒక తీర్పు ఇచ్చినది. విశాఖపట్నం వాసి, కేంద్ర ప్రభుత్వ మాజీ కార్యదర్శి ఇ.ఎ.ఎస్. శర్మ, ప్రజాస్వామ్య సంస్కరణల సంఘం కలిసి వేసిన వ్యాజ్యం అది. లండన్‌కు చెందిన వేదాంత సంస్థ అనుబంధ కంపెనీల నుంచి కాంగ్రెసు, భారతీయ జనతా పార్టీ రెండూ విరాళాలు స్వీకరించి చట్టాన్ని ఉల్లంఘించినవని న్యాయస్థానం తేల్చినది. ఆరు నెలలలో తగిన చర్య తీసుకోవాలని ప్రభుత్వాన్ని, ఎన్నికల సంఘాన్ని ఆదేశించినది. పార్లమెంటులో రోజూ ఒకరినొకరు విదేశీ ఏజెంట్లని నిందించుకొనే రెండు పార్టీలు న్యాయస్థానం బోనులో మాత్రం పక్కపక్కనే నిలబడ్డాయి.

ఆపైన జరిగినది మరింత విచిత్రం. శిక్ష పడలేదు. చట్టమే మారినది. 2016 ఆర్థిక చట్టంలో ఒక సవరణ చేర్చి, విదేశీ వాటా సగానికి మించి ఉన్న కంపెనీ కూడా ఆ వాటా నిర్ణీత పరిమితికి లోబడి ఉన్నంత వరకు విదేశీ మూలం కాదని నిర్వచనాన్ని మార్చారు. ఆ మార్పు 2010 సెప్టెంబరు నుంచే అమలులో ఉన్నట్లు భావించాలన్నారు. కాని వివాదంలో ఉన్న విరాళాలు 2009 వరకు అందినవి. అవి పాత చట్టం కిందికి వస్తాయి. ఆ లోటు పూడ్చడానికి 2018లో మరో ఆర్థిక చట్టం ద్వారా ఆ తేదీని 1976 ఆగస్టు 5కు, అంటే మొదటి చట్టం పుట్టిన నాటికే, వెనక్కి జరిపారు. ఆ ఆర్థిక బిల్లు లోక్‌సభలో చర్చ లేకుండానే ఆమోదం పొందినది. అధికార పక్షం తెచ్చిన సవరణ ప్రధాన ప్రతిపక్షానికీ మేలు చేసినది.

పైకి ఆ సవరణ అందరికీ వర్తించేదే కావచ్చు. కాని దాని వలన బయటపడినది గ్యాంగ్‌మన్ కాదు, పోస్ట్‌మన్ కాదు. తపాలా కౌంటర్‌లో కూర్చున్న గుమాస్తాకు సాయంత్రం లెక్కలో వంద రూపాయలు తగ్గినచో అతడు తన జేబు నుంచి పూడ్చాలి, సంజాయిషీ రాయాలి. బుకింగ్ గుమాస్తాకూ అదే నియమం. నలభై రెండు సంవత్సరాల వెనుకకు పోయి నియమాన్నే మార్చి లెక్క సరిపెట్టుకొనే వీలు వారికి లేదు. ఆ వీలు చట్టం చేసేవారికి మాత్రమే దక్కినది. ఇదీ విదేశీ హస్తం కథలోని అసలు స్వదేశీ అధ్యాయం.

ఇక విదేశీ హస్తం అన్న నింద కార్మికులపై ఎలా ప్రయోగింపబడినదో చూడండి. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి మన తాతముత్తాతలు వచ్చి స్థిరపడిన ఈ ఖరగ్‌పూర్‌లో 1927లో బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులు రెండుసార్లు పోరాడారు. వారి నాయకులలో ముఖ్యులు వి.వి. గిరి. అటువంటి పోరాటాలు దేశమంతటా పెరుగుతున్న సమయంలో, 1929 మార్చి 20న, మీరట్ కుట్ర కేసు పేరిట కార్మిక నాయకులను అరెస్టు చేశారు. మాస్కోలోని అంతర్జాతీయ సంస్థతో కుమ్మక్కై చక్రవర్తి సార్వభౌమత్వాన్ని కూలదోయడానికి కుట్ర పన్నారన్నది అభియోగం. జి.ఐ.పి. రైల్వే కార్మిక నాయకుడు జోగ్లేకర్ ముద్దాయిలలో ఒకరు. ఫిలిప్ స్ప్రాట్, బెన్ బ్రాడ్లీ వంటి ఆంగ్లేయులూ వారితో పాటు బోనెక్కారు. సప్తసముద్రాలు దాటి వచ్చి ఈ దేశాన్ని ఏలుతున్న ప్రభుత్వం, ఈ దేశపు కార్మికులను విదేశీయులతో చేతులు కలిపినందుకు విచారించినది! 1933లో శిక్షలు పడ్డాయి. అదే సంవత్సరం అలహాబాదు హైకోర్టు వాటిని చాలావరకు తగ్గించినది.

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత కూడా ఆ అలవాటు పోలేదు. 1974 మే 8న మొదలైన రైల్వే సమ్మెను వేలాది అరెస్టులతో, ఉద్వాసనలతో అణచివేశారు. ఒకప్పుడు ఖరగ్‌పూర్ కార్మికులకు నాయకత్వం వహించిన గిరిగారే అప్పుడు రాష్ట్రపతి. మరుసటి సంవత్సరం అత్యవసర పరిస్థితి వచ్చినది. జయప్రకాశ్ నారాయణ్ ఉద్యమం వెనుక సి.ఐ.ఎ. ఉన్నదన్న ప్రచారం పాలక పక్ష వేదికల మీద సాగినది. సమ్మె నాయకుడు జార్జి ఫెర్నాండెజ్ బరోడా డైనమైటు కేసులో సంకెళ్లతో కోర్టుకు నడిచారు. 1977లో ఆ కేసును ఉపసంహరించారు.

ఇక్కడ మనకు రుచించని సంగతిని కూడా దాచకుండా చెప్పాలి. 2013లో వెల్లడైన అమెరికా దౌత్య తంతులలో ఒకటి, 1975లో అజ్ఞాతంలో ఉన్న ఫెర్నాండెజ్ ఒక ఫ్రెంచి దౌత్యాధికారి ద్వారా విదేశీ సహాయం కోరారని, అవసరమైతే సి.ఐ.ఎ. డబ్బుకూ సిద్ధపడ్డారని పేర్కొన్నది. ఆయన ప్రత్యర్థులకు అది పండుగ అయినది. అభిమానులు అంతా అబద్ధమన్నారు. మేము చెప్పేది వేరు. ఒక దౌత్యాధికారి తనతో అన్న మాటను మరొక దౌత్యాధికారి తన ప్రభుత్వానికి రాసిన కాగితం అది. అడిగారన్న ఆరోపణ ఒకటి. డబ్బు అందినదనడం మరొకటి. మొదటిదానికి విన్నవారి మాట తప్ప ఆధారం లేదు. రెండవది ఆ తంతిలో లేనే లేదు. మొయినిహాన్ మాటను ఏ త్రాసులో తూచామో ఈ తంతినీ అదే త్రాసులో తూచాలి. మనవాడైతే ఒక తూకం, పరాయివాడైతే మరొక తూకం అన్న పద్ధతి కార్మికోద్యమానికి తగదు.

సరిహద్దులు దాటిన కార్మిక సంఘీభావం వేరు, రహస్య కుమ్మక్కు వేరు అన్న భేదాన్ని కూడా మరువరాదు. ఒక దేశపు రైల్వే కార్మికులు సమ్మె చేసినప్పుడు మరొక దేశపు కార్మికులు బహిరంగంగా తీర్మానం చేయడం సిగ్గుపడవలసిన పని కాదు. బయటికి చెప్పగలిగినది సంఘీభావం, చెప్పలేనిది బేరం. కాని పాలకులకు ఈ భేదం అక్కరలేదు. 2011 నాటి విదేశీ విరాళాల నియమావళి బందు, హర్తాళ్, రైలు రోకో వంటి పోరాట రూపాలను తరచుగా అనుసరించే సంస్థలను రాజకీయ స్వభావం గలవిగా ప్రకటించి, విరాళాలకు అనర్హులను చేసే అవకాశం కల్పించినది. పార్టీ రాజకీయాలతో సంబంధం లేని సంస్థలకు ఆ నిబంధనను వర్తింపజేయరాదని 2020 మార్చిలో సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చినది. రైలు రోకో చేసినవానికి నిబంధన బిగిసినది. కంపెనీ విరాళం పుచ్చుకున్నవానికి నిర్వచనం సడలినది.

లెక్కల విషయంలో కార్మిక సంఘాలు తల దించుకోనవసరం లేదు. రిజిస్టరు అయిన ప్రతి సంఘమూ ఏటా తనిఖీ చేయించిన ఆదాయ వ్యయ పట్టికను రిజిస్ట్రారుకు సమర్పించాలని 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టమే విధించినది. రాజకీయ నిధి విడిగా ఉండాలని, దానికి చందా ఇమ్మని ఏ సభ్యుణ్ణీ నిర్బంధించరాదని కూడా అదే చట్టం చెప్పినది. పార్టీలకు మాత్రం 2018 నుంచి దాత పేరు ప్రజలకు తెలియని ఎన్నికల బాండ్లు అమర్చిపెట్టారు. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఆ పథకాన్ని కొట్టివేసే వరకు అది సాగినది. దాత పేరే తెలియనప్పుడు అతడు స్వదేశీయుడో విదేశీయుడో ఓటరు ఎలా తెలుసుకుంటాడు?

కనుక విదేశీ కుమ్మక్కు ఆరోపణ చెవిన పడినప్పుడల్లా మన సభ్యులు మూడు ప్రశ్నలు వేయాలని కోరుతున్నాము. సొమ్ము ఎవరి నుంచి ఎవరికి, ఎప్పుడు వెళ్లినదో చూపే కాగితం ఉన్నదా? ఆరోపించినవారు విచారణకు సిద్ధపడుతున్నారా, లేక సభ ముగియగానే ఆ మాట మరచిపోతున్నారా? ఆరోపించే పార్టీ తన దాతల పేర్లు బయటపెట్టినదా? ఈ మూడింటికీ సమాధానం దొరకనంత వరకు ఆ మాటను మన చేతి నుంచి మరొక చేతికి పంపవద్దు. చిరునామా లేని ఉత్తరాన్ని పోస్ట్‌మన్ ఎవరి గుమ్మంలోనూ వేయడు. సిగ్నల్ పడనిదే డ్రైవరు బండిని కదల్చడు. విధి నిర్వహణలో మనకు ఉన్న ఈ క్రమశిక్షణ పౌర జీవితంలోనూ ఉండాలి.

ప్రభుత్వం నుంచి, పార్టీల నుంచి మేము కోరేది కూడా స్పష్టమే. 2016, 2018 సవరణలను రద్దు చేయాలి. ప్రతి పార్టీ తనకు వచ్చిన ప్రతి విరాళాన్ని, దాత పేరుతో సహా, ఎన్నికలకు ముందే ప్రజల ముందు ఉంచాలి. పరాయి సొమ్ముపై వచ్చిన ఆరోపణలను పార్లమెంటరీ సంఘం విచారించి నివేదికను ప్రచురించాలి. అంతకంటె ముందుగా మన శాఖలన్నీ తమ వార్షిక లెక్కలను నోటీసు బోర్డుపై అంటించాలి. ఎదుటివానిని లెక్క అడిగేవాడు ముందు తన లెక్క చూపాలి. ఆ పని చేసిన నాడే, విదేశీ హస్తమని కేకవేసే నాయకుని ఎదుట నిలబడి, ముందు నీ చిట్టా చూపమని అడిగే హక్కు మనకు ఉంటుంది.