వేడి చేసిందనుకుంటే సరిపోదు

నెలసరి అయిపోయి పది రోజులు కాకముందే బట్టకు ఎర్రటి మరక కనపడిందని ఆడపిల్ల చెబితే, మన ఇళ్లలో ముందు వచ్చే మాట “వేడి చేసిందిలే”. సబ్జా నీళ్లు తాగు, మజ్జిగ తాగు, రెండ్రోజులు చూడు. ఆ మాటే నలభై ఏళ్ల ఇల్లాలు అంటే సలహా తిరగబడుతుంది. “పిల్లలు పెద్దవాళ్లయ్యారు, ఇంకా ఆ గర్భసంచి ఎందుకు, తీయించేసుకో.” ఎందుకు కనపడిందని ఇద్దరి విషయంలోనూ ఎవరూ అడగరు.

అడిగితే, చాలాసార్లు జవాబు భయపెట్టేది కాదు. నెలసరికీ నెలసరికీ 21 నుంచి 35 రోజుల ఎడం ఉండటం మామూలే. తర్వాతి నెలసరికి దాదాపు 14 రోజుల ముందు అండం విడుదలవుతుంది. ఆ సమయంలో ఈస్ట్రోజెన్ కాస్త తగ్గడంతో కొందరికి ఒకటి రెండు చుక్కలు కనపడతాయి. పొత్తికడుపులో ఒక పక్కన సలుపు వస్తుంది, ఈ నెల కుడివైపు, వచ్చే నెల ఎడమవైపు కావచ్చు. కొన్ని గంటలు, మహా అయితే ఒకటి రెండు రోజులు. ఏ నెలకానెల అదే సమయానికి వచ్చి పోతుంటే ఆ నొప్పికి వేడినీళ్ల కాపడం చాలు.

పిల్లలు పుట్టకుండా వాడేవాటి వల్ల కూడా ఇలా అవుతుంది. మాత్రలు మొదలుపెట్టిన తొలి మూడు నెలల్లో, మధ్యలో ఒక మాత్ర మరిచిపోయినప్పుడు, కాపర్‌ టీ వేయించుకున్న కొత్తలో చుక్కలూ నొప్పీ రెండూ ఉంటాయి. ప్రభుత్వాసుపత్రుల్లో మూడు నెలలకోసారి వేసే ‘అంతర’ సూదితో నెలసరి లెక్కే తప్పుతుంది. ఈ సంగతి సూది వేసే ముందు రెండు నిమిషాలు చెబితే ఆ మనిషి భయపడదు. చెప్పకుండా పంపితే, మరక చూసి హడలిపోయి రెండో సూదికి రాదు. తప్పు ఆమెది కాదు.

భయపడాల్సిన కారణాలూ ఉన్నాయి. వాటిలో మొదటిది, గర్భం సంచిలో కాకుండా అండవాహికలో నిలవడం. నెల తప్పుతుంది, లేదా తప్పినట్టే ఉండి కొద్దికొద్దిగా కనపడుతుంది. ఒక పక్క నొప్పి పెరుగుతుంది. వాహిక పగిలితే కళ్లు తిరుగుతాయి, భుజం కొసన నొప్పి వస్తుంది. లోపల రక్తం పోతుంటే బయట కనపడేది రెండు చుక్కలే కావచ్చు. మన రాష్ట్రాల్లో చాలామంది చిన్న వయసులోనే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకుంటారు కనుక గర్భమన్న అనుమానమే రాదు. ఆ ఆపరేషన్ తర్వాత గర్భం రావడం అరుదు, నిజమే. కానీ వస్తే అది వాహికలో నిలిచే అవకాశం ఎక్కువ. అందుకే ఆపరేషన్ అయినా సరే ముందు మూత్ర పరీక్ష చేయించాలి. ఆశా కార్యకర్త దగ్గర ‘నిశ్చయ్’ కిట్ దొరుకుతుంది. అయితే నొప్పి తీవ్రంగా ఉన్నా, కళ్లు తిరుగుతున్నా కిట్ కోసం చూడకుండా 108కి ఫోన్ చేయాలి.

భార్యాభర్తలు కలిసిన తర్వాత కనపడే రక్తం గురించి ఆడవాళ్లు ఎవరికీ చెప్పరు. అక్కచెల్లెళ్లకు కూడా చెప్పరు. గర్భసంచి ముఖద్వారంలో వాపు వల్లో చిన్న కండ పెరగడం వల్లో అలా కావచ్చు. అదే చోట వచ్చే క్యాన్సర్‌కు తొలి గుర్తూ కావచ్చు. ముప్పై దాటినవారికి ముఖద్వారంపై వెనిగర్‌లాంటి ద్రావణం పూసి చేసే పరీక్ష ప్రభుత్వ కార్యక్రమంలోనే ఉంది, నిమిషాల్లో అయిపోతుంది. ఏ గుర్తులూ లేనివారికీ చేసే పరీక్ష అది. రక్తం కనపడినవారైతే దానితో ఆగకుండా డాక్టరుకు చూపించుకోవాలి. నెలసరి ఆగిపోయి ఏడాది దాటాక ఒక్క చుక్క కనపడినా ఆ వారమే వెళ్లాలి.

ఇక గర్భసంచి తీయించుకోవడం. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో ఈ ఆపరేషన్ అయినవారు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. మన ఆడవాళ్ల గర్భసంచులు దేశంలో మిగతావాళ్లకంటే అంత చెడ్డవని నేను నమ్మను. అక్కర్లేని ఆపరేషన్ల కేసులో కేంద్రం మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలులోకి తేవాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. అండాశయాలను కూడా తీసేస్తే ఆ వయసులోనే ముట్లుడుగుతాయి, ఎముకల బలం తగ్గుతుంది, గుండెజబ్బుల ముప్పు పెరుగుతుంది. ఫైబ్రాయిడ్లు, సంచి గోడ మందమవడం వంటి వాటికి కొందరిలో ఆపరేషన్ తప్పదు. కానీ అది ఆఖరున రావాల్సిన మాట.

గోడ మీది వెంకట్రామా క్యాలెండర్లో పాల లెక్క రాస్తాం, గ్యాస్ బండ వచ్చిన తేదీ రాస్తాం. మరక కనపడిన రోజు కూడా అక్కడే రాయండి. ఎంత కనపడింది, నొప్పి ఏ పక్క, ఏ మాత్ర వాడుతున్నారు, అంతే. వరసగా రెండు మూడు నెలలు కనపడితే ఆ కాగితం డాక్టరు ముందు పెట్టండి. దుర్వాసన, జ్వరం, కలయిక తర్వాత రక్తం ఉంటే మాత్రం అన్నాళ్లు ఆగొద్దు. ఎవరైనా తొలి చూపులోనే “తీసేద్దాం” అంటే, స్కానింగులో ఏముంది, లోపలి పొర ముక్క పరీక్షకు పంపారా, మందులతో తగ్గదా అని అడగండి. జవాబు సరిగ్గా రాకపోతే సంతకం పెట్టకండి, ఇంకో డాక్టరుకు చూపించుకోండి.