చేతి కింద ఒక రెస్క్యూ డిస్కు

కవితలూ కథానికలూ వచ్చే వార్షిక సంచికలో ఈ కంప్యూటరు గోలేమిటని విసుక్కోకండి. మన విద్యార్థుల్లో లినక్స్ ఎక్కించేవారు పెరుగుతున్నారు. సంతోషమే. డబ్బు పెట్టి కొనే పని లేదు, స్వేచ్ఛ సంస్థ దాన్ని తెలుగులోకి కూడా తెచ్చింది. కాని అందరూ నెట్‌వర్కు మీదనుంచే ఎక్కిస్తున్నారు, రెస్క్యూ డిస్కు మాత్రం ఎవరి దగ్గరా ఉండదు. నా ఫిర్యాదు అదే.

పోయిన ఎండాకాలం సంగతి. బోధన్ వైపు మిత్రుడొకడు నా గదిలో ఉండేవాడు. 2015లో మూతపడిన నిజాం షుగర్స్ కార్మికుల మీద అతని ప్రాజెక్టు. శక్కర్‌నగర్‌లో ఇల్లిల్లూ తిరిగి రాసుకొచ్చినదంతా టైపు చేసి పెట్టుకున్నాడు. పాత లినక్స్ తీసేసి కొత్తది వేద్దామని ఒక రాత్రి కూర్చున్నాడు. పెన్‌డ్రైవైనా లేకుండా, పాతదాంట్లోనుంచే ఇన్‌స్టాలరును లేపాడు.

"కాపీ తీసి పెట్టుకున్నవా?" అన్నాను.

"హోమ్ విభాగం వేరే ఉన్నదిరా, దాన్ని ముట్టను. ఏం గాదు" అన్నడు.

సగంలో కరెంటు పోయింది. బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. మళ్ళీ వేస్తే నల్లటి తెర మీద 'గ్రబ్ రెస్క్యూ' అన్న మాట, అంతే.

ఎందుకిట్లయింది? నెట్‌వర్కు పద్ధతిలో మన చేతికి వచ్చేది చిన్న బూటు భాగమే. తక్కిన ప్యాకేజీలన్నీ ఎక్కడో ఉన్న సర్వరునుంచి దిగాలి. పాత వ్యవస్థను మొదట్లోనే తుడిచేస్తుంది, కొత్త బూట్‌లోడరును రాసేది దాదాపు చివర్న. ఆ నడుమ ఆగితే పాతదీ లేదు, కొత్తదీ లేదు.

"అవసరమొస్తే అప్పుడే దింపుకోవచ్చు గదా" అంటారు. ఏ యంత్రం మీద సార్? ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టు! మా గదిలో ఉన్నది అదొక్క ల్యాప్‌టాపే, ల్యాబుకేమో సెలవుల తాళం. ఒక సీనియరు పాత సీడీ ఇచ్చాడు. ల్యాప్‌టాపుకు సీడీ పెట్టే చోటే లేదు. (నవ్వొచ్చింది గాని వాని ముఖం చూసి నవ్వలేదు.) రెండు రోజులకు ఒక లెక్చరరు గారి బీరువాలో దొరికిన పెన్‌డ్రైవుతో అరగంటలో లేచింది. ముందు సర్వే ఫైళ్ళు వేరే డ్రైవులోకి కాపీ చేసి, ఆ తర్వాతే మళ్ళీ ఇన్‌స్టాలుకు కూర్చున్నాం. ఈ వరుస తప్పకూడదు.

బోధన్ రైతు మోటరు స్టార్టరు డబ్బాలోనే ఫ్యూజు తీగ చుట్టిపెట్టుకుంటడు. చదువుకున్న మనకు ఆపాటి ఎరుక లేకపోయింది.

ఇంకొకటి. డిస్కు ఉంటే చాలదు, పాతబడొద్దు. డెబియన్ వారు 2023లో వచ్చిన 12వ విడుదలనుంచి వైఫై చిప్పులకు కావలసిన ఫర్మ్‌వేరును కూడా అందులోనే పెడుతున్నారు. అంతకు ముందుది అయితే లేస్తుంది గాని, కొన్ని ల్యాప్‌టాపుల్లో వైఫై అందదు. కనుక ఏటా కొత్తది రాసి, ఒకసారి బూటు చేసి చూడాలి. ఆ డిస్కులోనే రెస్క్యూ మోడు కూడా ఉంటుంది, వేరే వెతకనక్కర లేదు.

విద్యార్థి సంఘం వారికి విన్నపం. ల్యాబు టేబులు సొరుగులో రెండు పెన్‌డ్రైవులు, వాటి మీద రాసిన తేదీ. పోతాయంటారా, లైబ్రరీ పుస్తకాలకు లాగే రిజిస్టరులో సంతకం పెట్టించుకొని ఇవ్వండి. ఒకటి నా మిత్రుడు ఇప్పటికే రాసి ఇచ్చాడు. రెండోదానికి సంఘం వారు డబ్బివ్వాలి.