రెండో మానిటర్ కావాలా? ముందు డబ్బా వెనక్కి చూడండి

డెస్క్‌టాప్‌కి రెండు మానిటర్లు పెట్టాలి అని షాపులో అడిగితే మొదట వినపడే మాట ఒకటే: గ్రాఫిక్స్ కార్డు వేయించాలి. చాలాసార్లు అక్కర్లేదు.

బూర్గంపాడులో మా బాబాయి కొడుక్కి జిరాక్స్, ఆన్‌లైన్ అప్లికేషన్ల షాపు ఉంది. వాడి బాధ అందరిలాంటిదే. పాస్‌బుక్ స్కాన్ ఒక విండోలో, ఫారం ఇంకో విండోలో. అటూ ఇటూ మార్చుకుంటూ టైప్ చేస్తుంటే సర్వే నంబర్‌లో ఒక అంకె అటూ ఇటూ అయిపోతుంది. వాడికి అది ఒక అంకె. ఊళ్లనుంచి బస్సెక్కి వచ్చిన రైతుకి మాత్రం ఇంకో రెండు తిరుగుళ్లు. అందుకే రెండో స్క్రీన్ కావాలన్నాడు. "అన్నా, కార్డు నాలుగు వేలంట, వేయించెయ్యనా?" అని ఫోన్.

"ముందు సీపీయూ వెనకాల ఫొటో తీసి పంపరా" అన్నాను.

సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఆఫీసు డబ్బా, నాలుగో తరం ఐ5. వెనకాల ఒక వీజీఏ, రెండు డిస్‌ప్లేపోర్టులు కనపడుతున్నాయి. ఇంటెల్ ప్రాసెసర్లలో ఉండే గ్రాఫిక్సే రెండో తరంలో రెండు స్క్రీన్లు, 2012లో వచ్చిన మూడో తరం నుంచి మూడు స్క్రీన్ల దాకా నడిపిస్తుంది, బోర్డు మీద ఆ పోర్టులుంటే చాలు. వాడికి కావాల్సిందల్లా డిస్‌ప్లేపోర్ట్ నుంచి హెచ్‌డీఎంఐకి వెళ్లే ఒక కేబుల్, కొన్ని వందల రూపాయలు. ఆ కేబుల్ ఒకవైపే పనిచేస్తుంది, సీపీయూ వైపు డిస్‌ప్లేపోర్ట్ ఉండాలి. తిరగేసి కొంటే దండగ. కేబుల్ పెట్టాక విండోస్ కీతో పాటు పీ నొక్కి 'ఎక్స్‌టెండ్' ఎంచుకుంటే అయిపోయింది.

హెచ్‌డీఎంఐ స్ప్లిటర్ అంటగడితే మాత్రం తీసుకోవద్దు. అది ఒకే బొమ్మని రెండు చోట్ల చూపిస్తుంది. పెళ్లి హాల్లో టీవీలకి బాగుంటుంది, మన పనికి కాదు.

మరి కార్డు ఎప్పుడు కావాలి? ప్రాసెసర్ పేరు చివర 'ఎఫ్' ఉంటే లోపల గ్రాఫిక్స్ ఉండదు, కార్డు తప్పదు. వెనకాల ఒక్క వీజీఏ మాత్రమే ఉన్నా అంతే. 4కే మానిటర్ కొన్నవాళ్లకీ ఇబ్బందే, పాత హెచ్‌డీఎంఐ పోర్టు 4కేలో 30 హెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది, మౌస్ కదిలిస్తే జిగురులో లాగినట్టుంటుంది. గేములంటారా, అది వేరే లెక్క, వేరే బడ్జెట్.

చవకలో దొరికేవి జీటీ 710, జీటీ 730. నేనైతే కొనను. వీటిల్లో ఎక్కువ శాతం కెప్లర్ చిప్‌తో వచ్చినవే. ఆ చిప్‌లకి ఎన్విడియా మామూలు డ్రైవర్లు 2021లోనే ఆపేసింది, సెక్యూరిటీ అప్‌డేట్లు కూడా 2024 సెప్టెంబర్‌తో సరి. ఆధార్ నంబర్లు టైప్ చేసే మెషీన్‌కి అది చిన్న విషయం కాదు. జీటీ 1030 నయం. 30 వాట్లే తాగుతుంది, స్లాటే 75 వాట్లిస్తుంది కాబట్టి వేరే పవర్ వైరు అక్కర్లేదు. సన్న డబ్బా అయితే లో ప్రొఫైల్ కార్డు, దానికి తగ్గ పొట్టి ప్లేటు ఉందో లేదో అడిగి తీసుకోండి. సికింద్రాబాద్ సీటీసీలో కొనుక్కుని ఇంటికొచ్చాక ప్లేటు పట్టకపోతే మళ్లీ అంత దూరం ఎవరెళ్తారు? కార్డు పెట్టాక చాలా బోర్డుల్లో పాత పోర్టులు ఆగిపోతాయి, కాబట్టి రెండు కేబుళ్లూ కార్డుకే గుచ్చండి.

అసలు నాలుగో తరం డబ్బా మీద నాలుగు వేలు పెట్టడం నాకు నచ్చకపోవడానికి ఇంకో కారణముంది. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 అధికారిక జాబితాలో ఇంటెల్ ఎనిమిదో తరం నుంచే ఉన్నాయి. ఆ నాలుగు వేలు పక్కన పెట్టి, ఇంకొంత కలిపి డబ్బానే మార్చుకోమన్నాను. మానిటర్లు, కేబుల్ అప్పుడూ పనికొస్తాయి.

గోదావరి పక్క ఊళ్లవాళ్లకి ఇంకో మాట. 2022 జూలైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులకి చేరినప్పుడు బూర్గంపాడు కూడా మునిగింది. సీపీయూని నేలమీద, టేబుల్ కింద పెట్టకండి. రెండో మానిటర్ కోసం ఎలాగూ టేబుల్ సర్దుతారు కదా, దాన్ని కూడా పైకెక్కించండి.