కదలని సైకిల్ కొనేముందు

వానలు పడ్డాయంటే పొద్దున్నే సైకిల్ తొక్కేవాళ్ళ సరదా అటకెక్కుతుంది. ఎండాకాలం సంగతి సరేసరి, మన వైపు ఎనిమిది దాటితే గుమ్మం బయట కాలు పెట్టలేం. అందుకే ఈమధ్య చాలా ఇళ్ళలో “ఇంట్లోనే తొక్కుకునే సైకిల్ ఒకటి కొందామా?” అన్న మాట వినిపిస్తోంది. ఇంట్లో ఎవరికో షుగర్ ఉందని తేలి, డాక్టరుగారు “రోజూ అరగంట ఒళ్ళు కదిలించండి” అన్నారంటే ఆ మాట ఇంకా గట్టిగా వినిపిస్తుంది.

మంచి మాటే. కానీ అక్కయ్యలూ, చెల్లెళ్ళూ, ఇలా కొన్న సైకిళ్ళ మీద ఎన్ని ఇళ్ళలో తువ్వాళ్ళు ఆరుతున్నాయో మీకు తెలియంది కాదు. కొనేదేమో ఇంటాయన, ఏది కొనాలో చెప్పేదేమో షాపులో కుర్రాడు, దుమ్ము తుడిచేదేమో మనం! డబ్బు చీటీపాటలోదో, పోపుల డబ్బాలోదో, ఏదైనా ఇంటిదే కదా. అందుకని ఈ వారం ఈ సంగతి కాస్త వివరంగా మాట్లాడుకుందాం.

రెండు దారులు

ఇంట్లో తొక్కడానికి రెండు దారులున్నాయి. ఒకటి, ఇంట్లో ఉన్న మామూలు సైకిల్‌నే వెనక చక్రం దగ్గర ఒక స్టాండుకు బిగించి తొక్కడం. దీన్ని ట్రైనర్ అంటారు. చక్రం తిరుగుతుంది కానీ సైకిల్ ముందుకు పోదు. రెండోది, అచ్చంగా ఇంట్లో తొక్కడానికే చేసిన ఎక్సర్‌సైజ్ సైకిల్.

ఏది కొనాలన్నది ఇంట్లో ఎవరు తొక్కుతారన్న దాన్ని బట్టి ఉంటుంది. మా మరిది ఉన్నాడు. అతనికి మంచి గేర్ల సైకిల్ ఉంది. ఆదివారాలు స్నేహితులతో గంటో రెండు గంటలో తొక్కి వస్తాడు. పందేలకు వెళ్ళేవాడు కాదు. వానల్లో అలవాటు తప్పకుండా ఉంటే చాలనుకున్నాడు. అలాంటి వాళ్ళకు ట్రైనర్ స్టాండు చక్కగా సరిపోతుంది. మా ఇంట్లోనో? క్యారియర్, చైన్ కవర్, పక్క స్టాండు అన్నీ ఉన్న పాత లేడీస్ సైకిల్. తొక్కాల్సింది మావారు, నేను, అప్పుడప్పుడు మా అత్తయ్యగారు. మాకు ఎక్సర్‌సైజ్ సైకిలే నయమని తేలింది.

స్టాండు కొనేవాళ్ళు చూడాల్సినవి

ముందు మీ సైకిల్ వెనక చక్రం ఇరుసు దగ్గర కూర్చుని చూడండి. చేత్తో లివర్ తిప్పితే చక్రం ఊడి వచ్చే రకమైతే చాలా స్టాండ్లు తేలిగ్గా పట్టేస్తాయి. మన మామూలు సైకిళ్ళకు అటూ ఇటూ స్పానరుతో బిగించే నట్లుంటాయి. వాటికి కొన్ని స్టాండ్లు పట్టవు, కొన్నిటికి వేరే నట్లు కొనాలి. కొత్త రకం సైకిళ్ళలో ఇరుసు పొడుగాటి ఊచలా మొత్తం బయటికి వచ్చేస్తుంది. దానికి తగిన జోడింపు ముక్క కావాలి. మడ్‌గార్డు కమ్మీలు, క్యారియర్, పక్క స్టాండు కూడా అడ్డం వస్తాయి. కాబట్టి వెనక చక్రాన్ని ఫోటో తీసి షాపులో చూపించండి. లేదా వీధి చివర సైకిల్ రిపేరు చేసే ఆయన్ని అడగండి. మేం అలాగే అడిగాం. ఆయన ఒక్క నిమిషం చూసి “అమ్మా, దీనికి స్టాండు కొంటే డబ్బు దండగ” అనేశాడు.

తర్వాత చక్రం సైజు. చాలా స్టాండ్లు 26 అంగుళాల నుంచి పైన ఉండే చక్రాలకే. పిల్లల 20 అంగుళాల సైకిల్‌ని దాని మీద పెట్టలేం. టైరు కూడా ముఖ్యమే. బొడిపెలున్న టైరయితే గోలగోలగా చప్పుడు చేస్తుంది, త్వరగా అరిగిపోతుంది. నున్నటి టైరు వేయించుకోవాలి.

ఇక తొక్కుతుంటే బరువు తగిలేలా చేసే ఏర్పాటు మూడు రకాలు. ఫ్యాను రకం చవక, కానీ వేగం పెంచేకొద్దీ రొద పెరుగుతుంది. అయస్కాంతం రకంలో ఒక చిన్న లివర్‌తో బరువు తగ్గించి పెంచుకోవచ్చు. చప్పుడూ తక్కువ. మూడోది లోపల నూనెలాంటి ద్రవం ఉండేది. మనం వేగంగా తొక్కేకొద్దీ దానంతటదే బరువెక్కుతుంది, రోడ్డు మీద తొక్కినట్టే ఉంటుంది. చప్పుడూ తక్కువే కానీ ధర ఎక్కువ. వారానికి మూడు నాలుగు రోజులు సరదాగా తొక్కేవాళ్ళకు అయస్కాంతం రకం చాలు. సుమారుగా 6,000 నుంచి 12,000 రూపాయల్లో మంచిది దొరుకుతుంది.

ఇవి కాక, వెనక చక్రం పూర్తిగా ఊడదీసి బిగించేవి, ఫోనుకూ కంప్యూటర్‌కూ కలిపి కొండలెక్కినట్టు, పందెంలో ఉన్నట్టు చూపించేవీ ఉన్నాయి. బాగుంటాయి, కాదనను. వాటి ధర పదుల వేలల్లో ఉంటుంది. పైగా కొన్ని ఆప్‌లకు నెలనెలా చందా కట్టాలి. మా మరిదికి షాపులో ముందు చూపించింది అదే. మా తోటికోడలు మెల్లగా “ఏమండీ, మన ఆదివారం సైకిల్‌కి కొండలెందుకండీ?” అంది. అంతే, బేరం అక్కడితో ఆగిపోయింది.

గుండ్రటి రోలర్ల మీద సైకిల్ నిలబెట్టి తొక్కే రకం ఒకటుంది. దేనికీ బిగించరు కాబట్టి తూకం తప్పితే కింద పడతాం. కొత్తవాళ్ళు దాని జోలికి పోవద్దు.

ఎక్సర్‌సైజ్ సైకిల్ అయితే

ఇందులోనూ రకాలున్నాయి. మామూలుగా నిటారుగా కూర్చుని తొక్కేది అందరికీ పనికొస్తుంది. వెనక్కి ఆనుకుని, కాళ్ళు ముందుకు చాపి తొక్కేది నడుంనొప్పి వాళ్ళకు, పెద్దవాళ్ళకు హాయి. కానీ చోటు ఎక్కువ తింటుంది, ధరా ఎక్కువే. చేతులు కూడా ముందుకూ వెనక్కూ ఆడేలా ఉండి ముందు ఫ్యాను చక్రం ఉండేది మరొకటి. ఒళ్ళంతా కదులుతుంది, చప్పుడు మాత్రం భరించాలి. జిమ్ముల్లో ఉండే బరువు చక్రం సైకిల్‌ని స్పిన్ బైక్ అంటారు. దాంట్లో చాలావాటికి మనం కాళ్ళు ఆపినా పెడళ్ళు ఆగవు, తిరుగుతూనే ఉంటాయి. బ్రేకు నాబ్ నొక్కి ఆపాలి. ఈ సంగతి తెలియకుండా ఎక్కితే కాలికి దెబ్బ తగులుతుంది.

మామూలు ఇంటికి నిటారు రకంలో అయస్కాంతం ఉన్నది చూసుకోండి. చాలావరకు మీటరు చిన్న బ్యాటరీలతో పనిచేస్తుంది. కరెంటు ఖర్చు లేదు, కరెంటు పోయినా బాధ లేదు. ఆ మీటరులో ఎన్ని కేలరీలు ఖర్చయ్యాయో చూపిస్తుంది కానీ అది ఉజ్జాయింపు లెక్కే. అది చూసి రెండు గారెలు ఎక్కువ తినేయకండి!

ఎంత బరువున్న మనిషి వరకు తొక్కవచ్చో పెట్టె మీద రాసి ఉంటుంది. మీ ఇంట్లో అందరికన్నా బరువైన వాళ్ళకన్నా కనీసం 15, 20 కిలోలు ఎక్కువ ఉన్నదే తీసుకోండి. సరిగ్గా సరిపోయేది కొంటే కొన్నాళ్ళకే ఊగడం మొదలెడుతుంది.

పొట్టిగా ఉన్నవాళ్ళని మరవద్దు

ఇది మాత్రం నొక్కి చెప్పాలి. షాపులో ఎక్కి చూసేది మగవాళ్ళు. వాళ్ళ ఎత్తుకు బాగుందని కొనేస్తారు. ఇంటికొచ్చాక అయిదడుగుల మనకు సీటు ఎంత దించినా పెడల్ అందదు. కాలి వేళ్ళతో అందుకుంటూ నాలుగు రోజులు తొక్కి, మోకాళ్ళు నొప్పెట్టి మానేస్తాం. అందరూ “నీకు ఓపిక లేదు” అంటారు. ఓపిక కాదండీ, లేనిది కొలత!

కాబట్టి షాపుకు ఇంట్లో అందరికన్నా పొట్టిగా ఉన్నవాళ్ళు తప్పకుండా వెళ్ళాలి. సీటు మీద కూర్చుని, పెడల్ బాగా కిందకి వచ్చినప్పుడు మడమ దాని మీద ఆనిస్తే కాలు తిన్నగా ఉండాలి. అప్పుడు పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. అదీ సరైన ఎత్తు. సీటు మరీ కిందికి ఉన్నా మోకాళ్ళ మీద భారం పడుతుంది. సీటు మార్చే మర చేత్తో తిప్పేలా ఉండాలి. ప్రతిసారీ స్పానరు వెతుక్కోవలసి వస్తే ఒకరి తర్వాత ఒకరు తొక్కడం కుదరదు. మా సైకిల్ సీటు గొట్టానికి గోళ్ళరంగుతో మూడు గీతలు గీశాను. పై గీత మావారిది, నడిమిది అత్తయ్యగారిది, కింది గీత నాది. ఎవరికీ తడుముకునే పని లేదు.

చీర కుచ్చెళ్ళు, చంటిపిల్లలు

చీరతో తొక్కవద్దు. పైట కొంగు, చున్నీ, పొడవాటి జడ చక్రంలోకి పోతాయి. పంజాబీ డ్రెస్సు వేసుకుని చున్నీ పక్కన పెట్టండి, జడ ముడేసుకోండి. వదులు పట్టీలు తీసెయ్యండి. ఉత్త కాళ్ళతో కాక బూట్లతోనే తొక్కండి.

పాకే పిల్లలు, అల్లరి పిల్లలు ఉన్న ఇంట్లో చక్రం, చైను పూర్తిగా కప్పి ఉన్నదే కొనాలి. స్టాండు మీద తిరిగే సైకిల్ చక్రం ఊచల్లో పసివేలు పడితే ఎంత ఘోరమో చెప్పక్కర్లేదు. తొక్కేటప్పుడు పిల్లల్ని దగ్గరికి రానివ్వద్దు. అయిపోయాక బరువు పూర్తిగా బిగించి పెట్టండి.

ఎక్కడ పెట్టాలి?

వాన జల్లు పడే బాల్కనీ వద్దు, తుప్పు పడుతుంది. ఫ్యాను కింద పెట్టండి. రోడ్డు మీద గాలి తగిలినట్టు ఇంట్లో తగలదు కాబట్టి చెమట ధారలు కడుతుంది. హ్యాండిల్ మీద ఒక పాత తువ్వాలు వేసుకోండి. చెమటలోని ఉప్పు ఇనుమును తినేస్తుంది. కింద రబ్బరు చాప వేస్తే కింది వాటా వాళ్ళకు అదురు తగ్గుతుంది. మెత్తటి బొంత వేయకండి, సైకిల్ ఊగుతుంది. టీవీ కనిపించే చోట పెడితే సీరియల్ అయ్యేసరికి అరగంట తెలియకుండా గడిచిపోతుంది.

డబ్బు లెక్క

8,000 రూపాయలు పెట్టి కొన్నామనుకోండి. ఏడాదిలో 200 రోజులు తొక్కితే రోజుకు 40 రూపాయలు పడింది. 20 రోజులే తొక్కితే రోజుకు 400! కాబట్టి చవకా ఖరీదా అన్నది మనం తొక్కే రోజుల్ని బట్టే. అందుకని కొనేముందు ఒక చిన్న పరీక్ష పెట్టుకోండి. మూడు వారాలు, ఏ టైములో సైకిల్ తొక్కాలనుకుంటున్నారో ఆ టైములోనే రోజూ 20 నిమిషాలు డాబా మీదో, వరండాలోనో నడవండి. ఆ టైము మీకు చిక్కితే సైకిల్ కొనండి. చిక్కకపోతే ముందు టైము సంపాదించుకోండి.

ఆ టైము సంగతే మనకు అసలు చిక్కు. మనం ఎక్కి కూర్చోగానే కుక్కరు కూస్తుంది, కాలింగ్ బెల్ మోగుతుంది, టవలెక్కడని కేక వినిపిస్తుంది. “ఇంటిపనంతా వ్యాయామమే కదా” అని సరిపెట్టుకుంటాం. ఇంటిపనికి కాళ్ళు పీకుతాయి నిజమే, కానీ ఊపిరి కాస్త జోరందుకునేలా ఏకధాటిగా అరగంట కదిలే వీలు అందులో ఎప్పుడో గాని దొరకదు. షుగర్ మనకూ వస్తుంది, బీపీ మనకూ వస్తుంది. కనుక సైకిల్ ఇంటికి వచ్చిన రోజే “ఫలానా టైములో ఆ సీటు నాది, ఆ అరగంట స్టవ్ వైపు మీరు చూడాలి” అని ఇంట్లో చెప్పేయండి. మొహమాటపడకండి.

పాతది కొనడం తప్పేమీ కాదు. తొక్కకుండా మూలనపడ్డవి అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపుల్లో తరచూ అమ్మకానికి పెడుతుంటారు. పది నిమిషాలు తొక్కి చూడండి. టకటక చప్పుడు వస్తోందా, బరువు మార్చే నాబ్ పనిచేస్తోందా, సీటు జారుతోందా చూసుకోండి.

మెల్లగా మొదలుపెట్టండి

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచన ప్రకారం పెద్దవాళ్ళు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం చేయాలి. అంటే రోజుకు అరగంట, వారానికి అయిదు రోజులు. మొదటి వారమే అంత వద్దు. పది నిమిషాలతో మొదలెట్టి మెల్లగా పెంచండి. తొక్కుతూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అదే మోస్తరు వేగం. గుండె జబ్బు, మోకాళ్ళ అరుగుదల ఉన్నవాళ్ళు, షుగర్‌కు మందులో ఇన్సులినో వాడేవాళ్ళు ముందు డాక్టరుని అడగండి. ఛాతీలో నొప్పి వచ్చినా, కళ్ళు తిరిగినా వెంటనే ఆపేయాలి.

కొనేముందు ఒక్కసారి

• పెట్టే చోటు టేపుతో కొలవండి. ఎక్కి దిగడానికి పక్కన చోటు వదలండి.
• ఇంట్లో పొట్టివాళ్ళ చేత ఎక్కించి చూడండి.
• స్టాండు అయితే వెనక చక్రం ఫోటో వెంట తీసుకెళ్ళండి.
• ఇంటికొచ్చి బిగించేది ఎవరో, గ్యారంటీ ఎన్నాళ్ళో, విడిభాగాలు మన ఊళ్ళో దొరుకుతాయో లేదో అడగండి.
• బిల్లు తప్పకుండా తీసుకోండి. ఆన్‌లైన్‌లో కొంటే పెట్టె విప్పేటప్పుడు ఫోనులో వీడియో తీయండి.
• పాడైన వస్తువు వచ్చి షాపువాళ్ళు పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయండి.

మీ ఇంట్లో ఇప్పటికే తువ్వాళ్ళు ఆరేస్తున్న సైకిల్ ఉందా? అయితే కొత్తది కొనే పనే లేదు. తువ్వాళ్ళు తీసేసి, సీటు మీ ఎత్తుకు దించి, ఈ సాయంత్రమే పది నిమిషాలు తొక్కి చూడండి. వచ్చే వారం మరో సంగతితో కలుసుకుందాం.